గాజు గదిలో ఇరవై ఏడు డిగ్రీలు

మంగళవారం ఉదయం ఆరూ ఇరవైకి స్టేషన్‌లో ఫోన్ మోగింది. ఏడుకి అయిదు నిమిషాలుండగా ఇన్‌స్పెక్టర్ జీపు ఆ ఇంటి ముందు ఆగింది.

శవం పెరట్లోని గాజు గదిలో ఉంది.

డెబ్భై దాటిన మనిషి. పేము కుర్చీ పక్కన, ఎడమ వైపుకి ఒరిగి పడి ఉన్నాడు. కణత మీద రెండంగుళాల గాయం. కుండీలు పెట్టే ఇనుప స్టాండు అంచున నెత్తురు మరక. పెద్దగా కారలేదు. ముఖంలో నొప్పి ఆనవాలు లేదు. భోజనం చేసి కునుకు తీస్తున్నవాడిలా ఉన్నాడు. శాలువా కుర్చీలో ఉంది, నాలుగు మడతలు పెట్టి.

చుట్టూ పూలు.

మూడు వరసల్లో నలభై రెండు కుండీలు. ఒక్కో దానిలోంచి రెండు మూరల కాడ విల్లులా వంగి ఉంది. కాడ పొడుగునా పన్నెండు, పదిహేను పూలు. మైనంతో పోతపోసినట్టున్న తెల్లటి రేకులు. ప్రతి పువ్వుకీ కింద ఒక రేకు మాత్రం పెదవిలా ముందుకి చాపుకుని ఉంది. అన్నీ ఆ కుర్చీనే చూస్తున్నట్టున్నాయి.

కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ ఊపిరి ఆమెకే కనిపించింది.

"ఇది గదా మేడం, ఐసు ఫ్యాక్టరీయా?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్. రెండేళ్ళలో రిటైరయ్యే మనిషి. చలంటే పడదు. గోడకి వేలాడుతున్న థర్మామీటరు చూసి నోట్ చేసుకున్నాడు. కనిష్ఠం ఎనిమిది డిగ్రీలు. ఫొటోగ్రాఫర్ ఏడూ అయిదుకి పని ముగించాడు.

చనిపోయినాయన వాతావరణ కేంద్రంలో ముప్ఫై ఏళ్ళు ఉద్యోగం చేశాడు. రోజుకి రెండుసార్లు వేడీ చలీ కొలిచి పుస్తకంలో రాయడం ఆయన పని. రిటైరయ్యాక ఇంట్లో కూడా అదే చేశాడు. వీధిలో పిల్లలు ఆయన్ని డిగ్రీల తాత అనేవారు.

ఇంట్లో ఉన్నది ఇంకొక్క మనిషే. ఆయన భార్య చెల్లెలు. యాభై ఎనిమిదేళ్ళు. పదకొండేళ్ళ కిందట అక్క మంచం పడితే చూసుకోవడానికి వచ్చింది. అక్క పోయింది. ఆవిడ ఉండిపోయింది.

ఆవిడే శవాన్ని మొదట చూసింది. అయిదూ ముప్పావుకి టీ తీసుకొచ్చిందట. ఇన్‌స్పెక్టర్ అడుగుతున్నంతసేపూ ఆవిడ పోలీసులకి టీ గ్లాసులు అందిస్తూనే ఉంది. ఖాళీ అయిన గ్లాసు కింద పెడితే తడి వలయాన్ని కూడా కొంగుతో తుడిచింది.

"మీరొచ్చేసరికి కిటికీలు?"

"తెరిచే ఉన్నాయి. రాత్రిళ్ళు తెరిచే ఉంచుతారు బావగారు. చలి తగలకపోతే ఇవి పూయవట."

"రాత్రి ఈయన ఇక్కడే పడుకుంటారా?"

"పడుకోరు. నిన్న ఎందుకో కూర్చున్నారు."

ఏడూ నలభైకి డాక్టరు వచ్చాడు. శరీరం కింది భాగాన నెత్తురు దిగిన చోట చర్మం గులాబీ రంగులో ఉంది. ఇన్‌స్పెక్టర్ అది చూసి అడిగింది. రాత్రంతా చలిలో పడి ఉన్న శవానికి ఆ రంగు వస్తుందని ఆయన చెప్పాడు. తలకి దెబ్బ తగిలిందా, ఎవరైనా కొట్టారా, గుండె ఆగి పడ్డాడా, ఇప్పుడే చెప్పలేనన్నాడు. చలి వల్ల టైము కూడా కచ్చితంగా తేలదు. రక్తం రిపోర్టుకి రెండు వారాలు.

ఎనిమిదింటికి కూతురు వచ్చింది. పళ్ళ డాక్టరు. ఊరికి అవతలి కొసన సొంత క్లినిక్. తండ్రిని చూసి ఏడవలేదు. కుండీలు లెక్కపెట్టింది.

"ఒకటి లేదు," అంది. "నలభై మూడు ఉండాలి. ఆదివారం ప్రదర్శనకి పెట్టాల్సిన కుండీ అది. బావే పట్టుకుపోయి ఉంటాడు."

ఆ బావ, చనిపోయినాయనకి మేనల్లుడు. ఆయన అక్క కొడుకు. ముప్ఫై ఆరేళ్ళు. పుస్తకాలు బైండింగ్ చేస్తాడు. పెరటి గేటు తాళం ఒకటి అతని దగ్గరుంటుంది. పక్కింటాయన్ని అడిగితే పూసగుచ్చినట్టు చెప్పాడు. సోమవారం సాయంత్రం గాజు గదిలో మామా అల్లుళ్ళిద్దరూ గట్టిగా అరుచుకున్నారు. ఏడూ పదికి మేనల్లుడు చంకలో కుండీతో విసవిసా వెళ్ళాడు. పెద్దాయన్ని ఆ తర్వాత ఎవరూ చూడలేదు.

పదిన్నరకి అతని డాబా మీద కుండీ దొరికింది. పన్నెండింటికల్లా కుండీ, మనిషీ రెండూ స్టేషన్‌లో ఉన్నాయి. రేపు మధ్యాహ్నం పన్నెండులోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. హత్య కేసు రాస్తే అతను జైలుకి వెళతాడు. రాయకపోతే ఎందుకు రాయలేదో ఇన్‌స్పెక్టర్ చెప్పుకోవాలి.

*

"నిన్న ఎన్నింటికి వెళ్ళారు?"

"ఏడు దాటాక."

"గొడవ దేని గురించి?"

"మొక్కల గురించి."

"మొక్కల కోసం వీధి చివరికి వినిపించేలా అరుచుకుంటారా?"

"మీరు మొక్కలు పెంచరు కాబోలు."

హెడ్డు నవ్వు ఆపుకున్నాడు.

"కుండీ ఆయనిచ్చాడా?"

"లేదు. నేనే తీసుకున్నాను. దొంగతనమని రాసుకోండి, సంతకం పెడతాను."

"మిగతాదానికి?"

అతను తల పైకెత్తాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "పదమూడో ఏట మా నాన్న పోయాడు మేడం. మా మామయ్య నా చేతిలో ఒక ఎండు దుంప పెట్టి, బతికించి చూపించు అన్నాడు. అంతకంటే ఏం చెప్పను?"

"గొడవలో ఏమన్నారు ఒకరినొకరు?"

అతను వేరే మాట ఎత్తాడు.

"సాయంత్రం ఆరింటికి అక్కడ కిటికీలు ఎవరు తెరుస్తారు?"

ఇన్‌స్పెక్టర్ చాలామంది నిందితుల్ని చూసింది. లాయరు కావాలన్నవాళ్ళున్నారు, దేవుణ్ణి పిలిచినవాళ్ళున్నారు. కిటికీల గురించి అడిగినవాడు ఇతనొక్కడే. ఆమె కుర్చీ ముందుకి లాక్కుంది. సరే, ఈ మొక్కల సంగతేమిటో మొదటినుంచీ చెప్పమంది.

అతను చెప్పాడు. చెబుతున్నంతసేపూ తను ఎక్కడున్నాడో మరిచిపోయాడు.

ఆర్కిడ్లంటే అందరూ వేడి అడవుల్లో పెరిగేవే అనుకుంటారట. ఇవి సింబిడియాలు. కొండల మీద, మంచులో పుట్టినవి. మన్ను అక్కర్లేదు. మన్నులో పెడితే వేరు కుళ్ళి చస్తాయి. చెట్టు బెరడు ముక్కలు, బొగ్గు ముక్కలు కలిపి కుండీ నింపాలి. నీళ్ళు పోసిన గడియలో అవి కిందినుంచి కారిపోవాలి. ఆకు ముదురు పచ్చగా నిగనిగలాడుతుంటే చూసేవాళ్ళు మురిసిపోతారు. అది వెలుతురు చాలని మొక్క. లేత పసుపు కలిసిన పచ్చదనం ఉంటేనే పూస్తుంది. రెండు మూడేళ్ళకోసారి కుండీ మార్చాలి. విడదీసినప్పుడు ఒక్కో ముక్కకి కనీసం మూడు దుంపలు ఉంచాలి. ఒంటి దుంపని వేరుచేస్తే బతుకుతుంది గాని ఏళ్ళ తరబడి పూయదు.

అన్నిటికంటే ముఖ్యం చలి. పగలు ఎండ, రాత్రి పది డిగ్రీల లోపు. ఆ తేడా తగిలితేనే దుంప మొదట్లోంచి పూలకాడ బయటికొస్తుంది. రాత్రులు వెచ్చగా ఉంటే మొగ్గలు పసుపెక్కి రాలిపోతాయి.

"మనుషులకి దుప్పటి కప్పినట్టు వీటికి చలి కప్పాలి అనేవాడు మామయ్య," అన్నాడు.

పువ్వు విచ్చుకుంటే రెండు నెలలుంటుందట. పెదవి మీద తేనెటీగ వాలి పుప్పొడి పడిందా, అంతే. రెండు రోజుల్లో ఆ పెదవి ఎర్రబడుతుంది. పువ్వు పని అయిపోయినట్టు లెక్క. అందుకే కిటికీలకి వల కట్టాడు మామయ్య. ఒకసారి ఎవరో పండ్లబుట్ట తెచ్చి ఆ గదిలో పెట్టి మరిచిపోయారు. ముగ్గిన పండ్ల గాలికి ఈగ వాలకుండానే పూలన్నీ ఎర్రబడ్డాయి. పొగ కూడా అంతే చేస్తుందట. మామయ్య సిగరెట్టు మానేసింది అందుకే.

"డాక్టరు చెబితే మానలేదు. పువ్వు చెబితే మానేశాడు."

ఇన్‌స్పెక్టర్ అయిదున్నరకి ఒక కానిస్టేబుల్ని పంపి కిటికీలు తెరిపించింది. ఎందుకు పంపిందో హెడ్డుకి చెప్పలేదు.

*

సాయంత్రం కూతురు తండ్రి నోటుపుస్తకం ఒకటి తెచ్చి ఇచ్చింది. ప్రతి రోజూ తారీఖు, రాత్రి కనిష్ఠం. తొమ్మిది. ఎనిమిది. ఎనిమిది. పధ్నాలుగు. తొమ్మిది. పదమూడు. పధ్నాలుగు, పదమూడు ఉన్న చోటల్లా అంకె పక్కన చిన్న సున్నా చుట్టి ఉంది.

ఆ రోజుల్లో కిటికీలు వాటంతటవే మూసుకునేవట. రాత్రి తెరిచి పడుకుంటే తెల్లారేసరికి గడియలు పెట్టి ఉండేవి. చలికాలం మొదట్లో తండ్రి ఆ సంగతి ఫోన్‌లో చెప్పాడు.

"ఏమని చెప్పారు?"

కూతురు కిటికీలోంచి రోడ్డు వైపు చూసింది. "మీ అమ్మ వస్తోందే, అన్నాడు. అమ్మకి ఆ గది అంటే పడేది కాదు. ఈ చలిలో కూర్చుంటే నువ్వే పోతావు అంటూ రోజూ వెళ్ళి మూసేది. ఆయన వెళ్ళి తెరిచేవాడు. ఇద్దరి కాపురమూ ఆ గడియల మీదే నడిచింది. నేను డాక్టరుకి చూపిద్దామన్నాను. కోప్పడ్డాడు. తర్వాత మళ్ళీ ఆ మాట ఎత్తలేదు."

"మీరు నమ్మారా?"

"నేను పళ్ళు పీకేదాన్ని. దెయ్యాల్ని నమ్మను." బ్యాగు భుజానికి తగిలించుకుంది. "కానీ ఒంటరిగా ఆ గదిలోకి వెళ్ళను."

*

బుధవారం ఉదయం ఏడుంబావుకి మళ్ళీ ఫోన్. మరదలు. గొంతు తగ్గించి మాట్లాడింది, పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నట్టు.

"పూలు ఎర్రబడ్డాయండీ. అన్నీ. మొగ్గలు రాలిపోతున్నాయి."

ఇన్‌స్పెక్టర్ వెళ్ళింది. నిన్న తెల్లగా ఉన్న ప్రతి పెదవీ ఇవాళ వక్క నమిలినట్టు ఎర్రగా ఉంది. నలభై రెండు కుండీలు. అయిదొందల పూలుంటాయి. నేల మీద పసుపు మొగ్గలు. ఆమె చూస్తుండగానే ఇంకొకటి రాలింది. ఆ నిశ్శబ్దంలో అది నేల మీద పడిన చప్పుడు కూడా వినిపించింది.

గుమ్మం అవతల కూతురు నిలబడి ఉంది. లోపలికి రాలేదు. అమ్మకి కోపం వచ్చిందేమో అని తను అన్నట్టు తనకే తెలిసినట్టు లేదు. హెడ్డు కూడా టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ వంగి వలలన్నీ పరీక్షించింది. చిరుగు లేదు. తేనెటీగ లేదు. పండ్లబుట్ట లేదు.

తిరిగి స్టేషన్‌కి వచ్చింది. బీరువా పక్కన, మూడు రోజులుగా తుడవని కిటికీ దగ్గర, సాక్ష్యంగా పట్టుకొచ్చిన కుండీ ఉంది. పధ్నాలుగు పూలు. పధ్నాలుగు పెదవులూ పాలలా తెల్లగా ఉన్నాయి.

మేనల్లుణ్ణి పిలిపించింది.

"ఇదీ అక్కడివీ వేరు వేరు రకాలా?"

"ఒకే తల్లి మొక్క మేడం. అన్నీ కత్తితో విడదీసినవే."

"అయితే ఇది తెల్లగా ఉంది. అక్కడివన్నీ ఒక్క రాత్రిలో ఎర్రబడ్డాయి. ఎందుకు?"

అతను నోరు తెరిచాడు. ఏదో లెక్క వేసుకున్నట్టు కళ్ళు కదిలాయి. నోరు మూసుకున్నాడు.

"నిన్న గంటన్నర మాట్లాడారు. ఇవాళ మాటే లేదు."

"నాకు తెలీదు మేడం."

"ఈగ లేదు. పండ్లు లేవు. మీరు చెప్పినవాటిలో ఇంకొకటి మిగిలింది."

"నేనేం చెప్పలేదు." అతని పెదవులు పాలిపోయాయి. "నన్ను కోర్టుకి తీసుకెళ్ళండి. టైమవుతోంది కదా."

జైలుకి తొందరపడే నిర్దోషిని ఇన్‌స్పెక్టర్ మొదటిసారి చూసింది. మంగళవారం ఫొటోలు తెప్పించింది. భూతద్దం తీసుకుంది. అరగంట తర్వాత జీపు తీయమంది. అతన్ని కూడా ఎక్కించమంది.

*

పదిన్నర. గాజు గది. కుర్చీకి ఒక పక్క మరదలు, గుమ్మంలో కూతురు, ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య మేనల్లుడు. అతను మరదలి వైపు చూడటం లేదు.

ఇన్‌స్పెక్టర్ గోడ మీది థర్మామీటరు చూపించింది. యు ఆకారంలో వంగిన గాజు గొట్టం. రెండు చేతులు. ఎడమది రాత్రి ఎంత చల్లబడిందో చెబుతుంది. కుడిది ఎంత వేడెక్కిందో. ఒక్కోదాంట్లో సన్నటి ఇనుప ముక్క ఉంటుంది. పాదరసం దాన్ని ఎక్కడిదాకా నెడితే అక్కడే ఆగిపోతుంది. మళ్ళీ కిందికి దించాలంటే అయస్కాంతం కావాలి. పెద్దాయన రోజూ సాయంత్రం ఆరింటికి దించేవాడు.

"ఇవి చలి మొక్కలు. అందుకని అందరం చలి వైపే చూశాం. ఎనిమిది అని రాసుకున్నాం. కుడి చెయ్యి ఎవరూ చూడలేదు."

ఫొటో పైకెత్తింది. మంగళవారం ఉదయం ఏడూ అయిదుకి తీసింది.

"ఇరవై ఏడు. బయట గడ్డకట్టే చలి. సోమవారం సాయంత్రం ఆరు నుంచి తెల్లారేలోపు ఎప్పుడో ఈ గది ఇరవై ఏడు డిగ్రీలకి వెళ్ళింది. కిటికీలు తెరిచి ఉంటే వెళ్ళదు."

ఒక మొగ్గ రాలింది.

ఆమె చెప్పుకుంటూ పోయింది. ఏడూ పదికి బయటికెళ్ళిన కుండీ తెల్లగా ఉంది. ఉండిపోయినవన్నీ ఎర్రబడ్డాయి. అంటే పూలకి ఏం జరిగిందో అది ఏడూ పది తర్వాతే, ఈ నాలుగు గోడల మధ్యే జరిగింది. ఇక్కడ నిప్పు వెలిగింది. కుండీల్లో వేసే బొగ్గు బస్తా మూల ఉండనే ఉంది. తలుపులు బిగించిన గదిలో బొగ్గులు కాలితే వచ్చే గాలికి రంగుండదు, వాసనుండదు. పూలకి అది రెండు రోజులకి తెలిసింది. నిద్రపోతున్న మనిషికి అసలు తెలియదు. ప్రాణం పోయాక ఆయన కుర్చీలోంచి ఒరిగాడు. అందుకే గాయంలోంచి నెత్తురు ఎక్కువ కారలేదు. శరీరం మీది గులాబీ రంగు చలిది కాదు. ఆ గాలిది. రక్తం రిపోర్టు కూడా అదే చెబుతుంది.

"కుంపటి నేనే పెట్టాను," అన్నాడు మేనల్లుడు.

కూతురు అతని వైపు తిరిగింది.

"ఎక్కడ పెట్టారు?" ఇన్‌స్పెక్టర్ గొంతు మారలేదు.

"కుర్చీ పక్కన."

"కిటికీలు?"

"అన్నీ మూశాను."

"మొక్కల కోసం గొడవపడి ఒక కుండీ చంకన పెట్టుకుని పారిపోయినవాడు, మిగతా నలభై రెండింటి మధ్య నిప్పు పెట్టి వెళ్ళాడా?"

ఇన్‌స్పెక్టర్ ఖాళీ కుర్చీ వైపు తిరిగింది.

"పొద్దున్నే పోలీసులొచ్చేలోపు కుంపటి తీశారు. కిటికీలు తెరిచారు. కింద పడిన శాలువా తీసి నాలుగు మడతలు పెట్టారు. చలిలో కూర్చున్న మనిషి శాలువా మడతపెట్టి పక్కన పెట్టుకోడు. చంపినవాడూ మడతపెట్టడు. రోజూ ఈ ఇల్లు సర్దే చెయ్యి అది."

"వాడు కాదండీ," అంది మరదలు. "నేను."

ఆవిడ నెమ్మదిగా, వంట ఎలా చేసిందో చెబుతున్నట్టు చెప్పింది. సోమవారం రాత్రి తొమ్మిదిన్నరకి చూస్తే ఆయన కుర్చీలో నిద్రపోతున్నారు. శాలువా జారిపోయింది. లేపుదామనుకుంది. లేపితే లోపలికొచ్చి ఎదురుగా కూర్చోవాలి. కూర్చుంటే ఇద్దరికీ మాటలుండవు. అందుకని శాలువా కప్పింది. కిటికీలు మూసింది. మూల ఉన్న బొగ్గులు కుంపట్లో రాజేసి కాళ్ళ దగ్గర పెట్టింది. తెల్లారి టీ తెచ్చేసరికి కింద ఉన్నారు. ఒళ్ళు చల్లగా ఉంది. కుంపటి తీసి, కడిగి, వంటింట్లో బోర్లించింది. ఆయనకి కిటికీలు తెరిచి ఉంటేనే ఇష్టం. తెరిచింది. అప్పుడు ఫోన్ చేసింది.

"నిన్న ఎందుకు చెప్పలేదు?"

"పూల గదిలో నిప్పు పెట్టానని తెలిస్తే..." ఆవిడ కూతురి వైపు ఒకసారి చూసింది. "ఆయన పూలు పాడుచేశానంటారని."

అప్పుడు ఆవిడకి అర్థమవడం మొదలైంది. అందరూ చూశారు. ఎవరూ ఏమీ చేయలేకపోయారు.

"అయితే ఆయన పోయింది... నా కుంపటి వల్లా?"

మేనల్లుడు కళ్ళు మూసుకున్నాడు. ఆ ఒక్క ప్రశ్న ఆవిడ నోట రాకూడదనే అతను జైలుకి బయల్దేరాడు.

"అవును," అంది ఇన్‌స్పెక్టర్.

"బాధపడ్డారా?"

"లేదు. నిద్రలోనే."

మరదలు ఖాళీ కుర్చీ చేతిని పట్టుకుంది. కూర్చోలేదు.

కూతురు గుమ్మం దాటి లోపలికి వచ్చింది. అంతకుముందు రాత్రులు కిటికీలు మూసిందీ నువ్వేనా అని అడిగింది. బాగా చలిగా ఉన్న రాత్రులు మాత్రం, అని చెప్పింది ఆవిడ. గాజు మీద చలికి నీరు పడితే నిద్ర పట్టేది కాదట. పూలకి మంచిది కాదని తెలుసు. పొద్దున్న ఆయన దగ్గుతూ వస్తారని కూడా తెలుసు.

"నాన్న అమ్మ అనుకున్నాడు పిన్నీ."

"తెలుసు. అక్కతో మాట్లాడినట్టు ఈ గదిలో మాట్లాడుకునేవారు. అనుకోనిచ్చాను."

"అనుకోలేదు అత్తయ్యా," అన్నాడు మేనల్లుడు.

ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుళ్ళకి సైగ చేసింది. వాళ్ళు అతని చేతులు వదిలేశారు.

సోమవారం సాయంత్రం జరిగింది అప్పుడు చెప్పాడు. నోటుపుస్తకంలో సున్నాలు చూసి అతనికి కోపం వచ్చింది. కిటికీలు మూసేది అత్తయ్యేనని, పూలన్నీ పోతాయని, తను వెళ్ళి చెబుతానని అన్నాడు. మామయ్య లేచి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. ఇరవై మూడేళ్ళలో మొదటిసారి అతని మీద అరిచాడు.

"ఏమన్నారు?" ఈసారి అడిగింది మరదలు.

"నాకు తెలీదనుకున్నావురా, అన్నాడు. రెండో వారానికే తెలిసిందట. మీ అత్త అయితే గడియ టపీమని వేసేది, ఈవిడ చప్పుడు కాకుండా వేస్తోంది, అన్నాడు." అతను మరదలి వైపు చూశాడు. "ఈవిడకి చెప్పావంటే మానేస్తుంది. పూలు పోతే పోనీ, నువ్వు నోరు మూసుకో, అన్నాడు. నాకు ఒళ్ళు మండి కుండీ ఎత్తుకుపోయాను."

మరదలు చాలాసేపు ఆ ఎర్రటి పూలని చూసింది. ఒక్కొక్కదాన్నే, పేరుపేరునా పలకరిస్తున్నట్టు.

*

పదకొండున్నరకి ఇన్‌స్పెక్టర్ మేజిస్ట్రేటు కోర్టుకి ఫోన్ చేసింది. మేనల్లుడి మీద హత్య కేసు లేదు. మరదలి మీద నిర్లక్ష్యం వల్ల మరణం కింద వేరే కేసు నమోదవుతుంది. బెయిలు వస్తుంది. కుండీ మీద ఫిర్యాదేమీ లేదని కూతురు తనంతట తనే చెప్పింది.

వాంగ్మూలం ఇంట్లోనే రాసుకోమంది ఇన్‌స్పెక్టర్. వంటింటి పక్క గదిలో చిన్న బల్ల. హెడ్డు ఫారం తీశాడు. పేరు రాశాడు. వయసు రాశాడు. వృత్తి అని అడిగితే, ఇంటి పని అంది ఆవిడ.

"మృతుడికి ఏమవుతారమ్మా?"

ఆవిడ ఆలోచించింది.

"మరదలిని." ఫారం వైపు చూసింది. "అక్క పోయి పదేళ్ళు దాటింది. ఇంకా మరదలనే రాస్తారా?"

హెడ్డు ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు.

"ఆయన మిమ్మల్ని ఏమని పిలిచేవారు?" అడిగింది ఇన్‌స్పెక్టర్.

"పిలిచేవారు కాదండీ. ఏమని పిలవాలో ఆయనకీ తెలిసేది కాదు. తలుపు దాకా వచ్చి గొంతు సవరించుకునేవారు. నేను వెళ్ళేదాన్ని."

హెడ్డు ఆ గడిలో మరదలు అని రాశాడు. రెండు రోజుల చలికి అతని గొంతు పట్టేసింది. తర్వాతి ప్రశ్న చదవబోయి, తల పక్కకి తిప్పి గొంతు సవరించుకున్నాడు.

ఆవిడ కుర్చీలోంచి లేచింది. రెండడుగులు తలుపు వైపు వేసి ఆగిపోయింది.